నత్త పెదవి చూసి వయసు చెప్పడం, గుడ్లు దొరకబుచ్చుకోవడం

మొదట్లో నేను చేసిన తప్పు అందరూ చేసేదే. వాన వెలిసిన రాత్రి టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్లడం, కంటికి కనిపించిన పెద్ద పెద్ద ఆఫ్రికా నత్తలన్నీ బకెట్లో పడేయడం, ఓ పనైపోయిందనుకుని పడుకోవడం. మూడు వారాలు తిరిగేసరికి బంతి నారు మళ్లీ మొదలంటా మాయం. "మొన్నేగా బకెట్టుడు ఏరావు, మళ్లీ ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయిరా ఇవి?" అని అమ్మ అడిగితే నా దగ్గర సమాధానం లేదు. తర్వాత అర్థమైంది ఏంటంటే, నేను ఏరినవి అప్పటికే గుడ్లు పెట్టేసి తీరిగ్గా తిరుగుతున్నవి. నారు తిన్నవి వాటి పిల్లలు. ఆ పిల్లలు చిటికెన వేలి గోరంత కూడా ఉండవు, టార్చి వెలుగులో చిన్న మట్టిగడ్డల్లా కనిపిస్తాయి, మనం వాటిని తొక్కుకుంటూనే పెద్దవాటి కోసం వెతుకుతాం.

అప్పట్నుంచి పద్ధతి మార్చాను. ఇప్పుడు నత్త దొరికితే ముందు దాని వయసు చూస్తాను. అది ఏ దశలో ఉందో తెలిస్తే, మట్టిలో గుడ్లు ఉన్నాయా, ఇంకా టైముందా, ఎక్కడ తవ్వాలి అన్నవి చాలావరకు తెలిసిపోతాయి. దీనికి మైక్రోస్కోపు అక్కర్లేదు, బొటనవేలు చాలు.

ముందు అది ఏ నత్తో చూడండి

చెరువుల్లో, వరి మడుల్లో దొరికే నత్తగుల్లలు వేరు, ఇవి వేరు. మా గోదావరి వైపు కూర వండుకునే చెరువు నత్తకి గుల్ల మూతి దగ్గర గట్టి మూత ఒకటి ఉంటుంది, ముట్టుకోగానే లోపలికి పోయి తలుపేసుకున్నట్టు మూసేసుకుంటుంది. పైగా వాటిలో ఆడ వేరు, మగ వేరు. ఆఫ్రికా నత్తకి ఆ మూత ఉండదు, ఆడా మగా అన్న తేడా కూడా ఉండదు, రెండూ ఒకే ఒంట్లో. గుల్ల పొడుగ్గా, కొస మొనతేలి ఉంటుంది, గోధుమ రంగు మీద ముదురు చారలు. పెద్దయ్యాక మామూలుగా 7 నుంచి 10 సెంటీమీటర్లు ఉంటుంది, బాగా బతికినవి 20 దాకా కూడా పెరుగుతాయి. ఇవి కాక రూపాయి బిళ్లలా చదునుగా చుట్టుకుపోయిన గుల్లతో చిన్న నత్తలు కూడా తోటల్లో తిరుగుతుంటాయి. అవి ఎప్పట్నుంచో ఇక్కడున్నవి, వాటి జోలికి పోకండి. నేను రాస్తున్నదంతా పొడుగు గుల్ల ఉన్నదాని గురించే.

దీని సొంతూరు తూర్పు ఆఫ్రికా తీరం. 1847లో బెన్సన్ అనే బ్రిటిష్ దొర, గుల్లల మీద పిచ్చి ఉన్న మనిషి, మారిషస్ నుంచి తెచ్చిన నత్తలు కలకత్తాలో చౌరంఘీ వైపు ఒక తోటలో చేరాయి. అక్కడ మొదలైంది మన దేశంలో దీని కథ. ఓడలెక్కి, నర్సరీ కుండీలెక్కి, లారీలో ఇటుకలతో, కలపతో కలిసి ప్రయాణం చేసి ఊళ్లకి ఊళ్లు పాకింది. నత్తనడక అని మనం వెక్కిరిస్తాం కానీ దానికి నడవాల్సిన అవసరమే లేదు, మనమే మోస్తాం.

ఇంకో మాట, ఇది మాత్రం మర్చిపోవద్దు. ఉత్త చేతులతో పట్టుకోకండి. ఎలుకల ఊపిరితిత్తుల్లో బతికే ఒక రకం పురుగు పిల్లలు ఈ నత్తల ఒంట్లో పెరుగుతాయి, అవి పొరపాటున మనిషి కడుపులోకి పోతే మెదడు పొరలకి వాపు వస్తుంది. రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి, లేకపోతే పాలిథిన్ కవరు చేతికి తొడుక్కోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. నత్తలు పాకిన మడిలో కోసిన ఆకుకూర ఒక్కో ఆకూ విడదీసి కడగాలి, పచ్చిగా తినేవైతే మరీ జాగ్రత్త. పిల్లల్ని ఏరమనడం మా ఇంట్లో పూర్తిగా మానేశాం, అర్ధరూపాయికో నత్త అని వాళ్లకి పందెం పెట్టిన రోజులు తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

పెదవి చూడటం

నత్తను వెల్లకిలా పట్టుకుంటే గుల్ల నోరు మీ వైపు ఉంటుంది. ఆ నోటికి బయటి అంచు ఉంటుంది కదా, దాన్నే నేను పెదవి అంటున్నా. గ్లోవ్ వేసుకున్న బొటనవేలితో ఆ అంచు మీద పైనుంచి కిందకి ఒకసారి మెల్లగా రాయండి.

అంచు కాగితంలా పల్చగా, కాస్త నొక్కితే వంగేటట్టు, వెలుతురుకి పెడితే అవతల వేలు నీడ కనపడేటట్టు ఉందనుకోండి, ఆ గుల్ల ఇంకా పెరుగుతోంది. నత్త గుల్ల పెరిగేది ఆ అంచు దగ్గరే. రోజూ కాస్త కాస్త సున్నం పేర్చుకుంటూ ఇల్లు ముందుకి కట్టుకుంటూ పోతుంది, అందుకే కొత్తగా కట్టిన భాగం ఎప్పుడూ పల్చగా ఉంటుంది. అదే అంచు మొద్దుబారి, గుండ్రంగా, స్టీలు గ్లాసు అంచు మడత పెట్టినట్టు మందంగా తగిలితే ఎదుగుదల ఆగిపోయిందని అర్థం. ముందుకి కట్టడం మానేసి, వచ్చిన సున్నాన్ని అదే చోట మందం చేసుకుంటుంది.

ఇందులో సంతానం సంగతి ఏముంది అంటారా? ఉన్నదంతా ఇక్కడే ఉంది. ఈ నత్త ముందు మగ, తర్వాత ఆడామగా. ఐదారు నెలల వయసులో, సుమారు 5, 6 సెంటీమీటర్ల గుల్లతో, పెదవి ఇంకా పల్చగా ఉండగానే దాని ఒంట్లో వీర్యం తయారవడం మొదలవుతుంది. గుడ్ల ఏర్పాటు అప్పటికి ఉండదు. గుడ్డుకి తిండిపదార్థం పూసే గ్రంథి ఒకటి ఉంటుంది లోపల, ఈ వయసులో అది ఇంకా సన్నగా ఉంటుంది. గుల్ల పెరగడం ఆగి పెదవి మందమయ్యే రోజుల్లోనే ఆ గ్రంథి లావెక్కుతుంది, అండాలు తయారవుతాయి, అప్పుడు అది గుడ్లు పెట్టగల నత్త అవుతుంది. వీర్యం తయారవడం మాత్రం ఆగదు, రెండు పనులూ నడుస్తాయి. జపాన్‌కి చెందిన ఒగసవర దీవుల్లో తోమియామా అనే పరిశోధకుడు 1990లలో ఈ నత్తల్నే పట్టుకుని పెదవి మందానికి, లోపలి అవయవాల ఎదుగుదలకి ఉన్న లంకె వివరంగా రాశాడు. నేను నా పెరట్లో చేస్తున్నది ఆ పనికి బొటనవేలి వెర్షన్, అంతే.

అంటే సైజు చూసి మోసపోకండి. తిండి బాగా దొరికిన చోట పల్చ పెదవితోనే 8 సెంటీమీటర్లు ఉన్న కుర్ర నత్తని చూశాను, ఎండిపోయిన గోడవార 6 సెంటీమీటర్లకే పెదవి మొద్దుబారిన ముదురుదాన్నీ చూశాను. కొలత టేపు కంటే వేలే నిజం చెబుతుంది. ఒక్క చిక్కుంది. పెదవి విరిగి మళ్లీ కట్టుకున్న ముదురు నత్త ఉంటుంది, ఆ ముక్క దగ్గర పల్చగా తగిలి కుర్రదేమో అనిపిస్తుంది. అప్పుడు అంచు మొత్తం తడిమి చూడండి, ఒకచోట పల్చగా మిగతా అంతా మందంగా ఉంటే అది ముదురే. గుల్ల కొస కూడా చూడండి. ముదురువాటికి పై పొర అరిగిపోయి కొస దగ్గర సున్నం కొట్టినట్టు తెల్లబారి ఉంటుంది, కుర్రవాటికి రంగు నిగనిగలాడుతుంది.

ఇప్పుడు బకెట్టు లెక్క. ఒక రాత్రి ఏరినవాటిని రెండు కుప్పలు చేయండి, పల్చ పెదవివి ఒకటి, మందం పెదవివి ఒకటి. నేను క్యాలెండరు వెనకాల రాసుకుంటాను. పల్చవే ఎక్కువుంటే మీ పెరట్లో కొత్త తరం ఎదుగుతోంది, గుడ్లకి ఇంకా కాస్త టైముంది, గబగబా ఏరేస్తే ఆ తరం అక్కడితో ఆగుతుంది. మందం పెదవివి ఎక్కువుంటే ఆ వారంలోనే మట్టి తవ్వాలి, ఎందుకంటే గుడ్లు ఈపాటికే కింద ఉన్నాయి లేదా రేపోమాపో పడతాయి. మొదట్లో నా బకెట్లన్నీ మందం పెదవులే. అప్పుడు నాకీ తేడా తెలిసి ఉంటే ఆ బంతి నారు దక్కేది.

జతకట్టినవి కనపడితే

ఎక్కువగా రాత్రిపూట, నేల తడిగా ఉన్నప్పుడు. ఒకటి రెండోదాని వెనకనుంచి వచ్చి గుల్ల మీదకి ఎక్కుతుంది, తలని అటూ ఇటూ ఊపుతుంది, మెడ మీద నోటితో గీకుతుంది. రెండోదానికి ఇష్టం లేకపోతే గుల్లని విదిలించి కొడుతుంది, లేదా లోపలికి ముడుచుకుంటుంది, కథ అక్కడితో సరి. ఈ తిరస్కారాలు చాలా మామూలు. ఒప్పుకుంటే రెండూ మెడలు పైకెత్తి ఎదురెదురుగా వస్తాయి. జననరంధ్రం ఉండేది తల పక్కన, కుడివైపు, పెద్ద కొమ్ముకి కాస్త వెనకగా. అక్కణ్నుంచి తెల్లగా బుడిపెలా బయటికి వస్తుంది, టార్చి వేస్తే స్పష్టంగా కనిపిస్తుంది. రెండూ ఒకదానికొకటి వీర్యం ఇచ్చుకుంటాయి. గంటల పని అది. మా నూతి పళ్లెం పక్కన రాత్రి పదకొండుకి చూసిన జంట తెల్లవారుజామున నాలుగున్నరకి పాలవాడు వచ్చేటప్పటికి కూడా అక్కడే ఉంది.

యూరప్ తోటల్లో ఉండే మామూలు నత్తలు జతకట్టే ముందు ఒకదాన్నొకటి సున్నపు ముల్లుతో పొడుచుకుంటాయి, మన్మథ బాణం అన్నమాట. మన ఆఫ్రికా నత్తకి ఆ బాణం లేదు, వీడియోల్లో చూసి ఇక్కడా వెతక్కండి.

మీరు చేయాల్సింది ఏంటంటే, జంట దొరికితే రెండింటి పెదవులూ చూడటం. రెండూ పల్చ పెదవులే అయితే వెంటనే గుడ్ల భయం లేదు. ఒక్కదానికైనా పెదవి మందంగా ఉంటే ఆ చుట్టుపక్కల మట్టి మీద కన్నేసి ఉంచాలి. జతకట్టిన ఎనిమిది రోజుల నుంచి ఇరవై రోజుల లోపు గుడ్లు పడొచ్చు. ఈ జంటని పట్టుకున్నారు సరే, ఇలాంటిదే ఇంకో జంట మీరు చూడని రాత్రి చూడని మూల ఉండే ఉంటుంది. నేను ఆ చోటు మీద ఒక ఇటుక ముక్క గుర్తు పెట్టి, వారం తర్వాత ఒకసారి, రెండు వారాల తర్వాత ఒకసారి చుట్టూ రెండు మూడడుగుల మేర గీకి చూస్తాను.

ఇక అసలు టెన్షన్ పెట్టే విషయం. అందుకున్న వీర్యాన్ని ఇది వెంటనే వాడేయాలని లేదు. లోపల ఒక సంచిలో దాచుకుంటుంది, ఏడాది పైగా కూడా అది చెడకుండా ఉంటుంది. తనతో తానే గర్భం తెచ్చుకోవడం దీనికి మామూలుగా కుదరదు, ఇంకోటి కావాల్సిందే. కానీ ఆ ఇంకోటి కిందటేడు ఎప్పుడో వచ్చి వెళ్లినా సరిపోతుంది. అందుకే "మా పెరట్లో ఒక్కటే ఉంది, ఏం చేస్తుందిలే" అనే మాట నమ్మకండి. అమెరికాలో మయామీలో 1966లో ఒక పిల్లాడు హవాయి నుంచి మూడంటే మూడు నత్తలు సరదాకి తెచ్చుకున్నాడు, వాళ్ల నాయనమ్మో అమ్మమ్మో వాటిని తోటలో వదిలేసింది. ఏడేళ్లు తిరిగేసరికి పద్దెనిమిది వేలకి పైగా నత్తలు ఏరాల్సి వచ్చింది, మొత్తం ఖాళీ చేయడానికి పది లక్షల డాలర్లు ఖర్చయింది. మళ్లీ 2011లో అక్కడే కనపడ్డాయి, ఈసారి పదేళ్లు పట్టింది, 2021లో పోయాయని ప్రకటించారు, 2022లో అదే రాష్ట్రంలో ఇంకో కౌంటీలో, అంటే జిల్లాలాంటి చోట, తేలాయి.

గుడ్లు వెతకడం

ఇది ఓపికతో చేయాల్సిన పని, నాకు ఇష్టమైన పని కూడా. గుడ్లు పెట్టే నత్త మెత్తటి తడి మట్టిలోకి తల, మెడ దూర్చి గుంట చేసుకుంటుంది, గుల్ల మాత్రం పైన కదలకుండా ఉంటుంది. చూసేవాళ్లకి మట్టి తింటోంది అనిపిస్తుంది. నిజానికి గుడ్లు వచ్చేది మెడ పక్కనున్న ఆ రంధ్రం లోంచే కాబట్టి మెడ దూరిస్తేనే పని అవుతుంది. పొద్దున్నే ఇలా తల భూమిలో పెట్టి ఉన్న నత్త కనపడితే దాన్ని పీకేసి వదిలేయకండి, దాని కిందే తవ్వండి.

లోతు ఎక్కువేం ఉండదు, రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు. ఒక్కోసారి తవ్వక్కర్లేకుండా ఎండాకు ఎత్తితేనే బయటపడతాయి. చూడటానికి పెద్ద సైజు సగ్గుబియ్యం, మీగడ రంగుకి కాస్త పసుపు కలిపినట్టు, 4 నుంచి 5 మిల్లీమీటర్లు. పైన సున్నపు పెంకు ఉంటుంది కాబట్టి వేళ్ల మధ్య నొక్కితే చిన్న చప్పుడుతో చిట్లుతుంది. జెల్లీలా, నీళ్లలా తేటగా ఉన్నవి ఇవి కావు. ఒకే చోట కుప్పగా ఉంటాయి, ఒక్కొక్కటిగా చెల్లాచెదురుగా ఉండవు, కాబట్టి ఒకటి కనపడిందంటే కుప్ప పక్కనే ఉంది.

ఎంత ఉంటాయి? మొదటి కాన్పులో వంద, అటూ ఇటూ. రెండో ఏడు వచ్చేసరికి ఒక్కో కాన్పుకి నాలుగైదు వందలు కూడా పెడుతుంది, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. ఏడాదికి ఇలాంటి కాన్పులు చాలా. బతికేది మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు. మొన్న శ్రావణంలో అరటి పిలకల మధ్య నేను తీసిన ఒక కుప్ప కూర్చుని లెక్కపెడితే 187 అయ్యాయి, "కంది గింజలు ఏరడానికి రమ్మంటే రావు గానీ నత్త గుడ్లు లెక్కపెట్టడానికి తీరిక ఉంది" అని అమ్మ.

ఎక్కడ వెతకాలో నా అనుభవం చెబుతా. అరటి దుబ్బు మొదట్లో, ఎండు బోదెల కింద మొదటి చోటు. కుండీల అడుగున, ముఖ్యంగా నేల మీద నేరుగా పెట్టిన కుండీ ఎత్తితే ఆ తడి వలయంలో. కంపోస్టు కుప్ప అంచుల్లో, మధ్యలో కాదు, మధ్యలో వేడి ఎక్కువ. నీళ్ల కుళాయి కారే చోట, స్నానాల గది నీళ్లు పోయే కాలువ గట్టున. ఇంకా ఒక గుర్తు ఉంది, సున్నం. గుడ్ల పెంకుకీ గుల్లకీ సున్నం కావాలి కాబట్టి ఈ నత్తలు సున్నం కొట్టిన గోడలు గీకి తింటాయి, గులాబీ మొక్క మొదట్లో మీరు వేసిన కోడిగుడ్డు పెంకులు తింటాయి. గోడ మీద చిన్న చిన్న గీతల్లా రంగు లేచిపోయి ఉంటే ఆ గోడవార మట్టి గీకి చూడండి. మా ప్రహరీ ఉత్తరం వైపు ఇలాగే దొరికాయి, అంతకుముందు ఆ గీతలు చెమ్మ వల్ల అనుకునేవాణ్ని.

దొరికిన గుడ్లని చెత్తకుండీలో గాని కంపోస్టులో గాని వేయకండి, అక్కడ హాయిగా పొదుగుతాయి. మరిగే నీళ్లు పోయండి, లేదా గట్టి నేల మీద వేసి చెప్పుతో నలిపేయండి, మొత్తం చిట్లాయో లేదో చూడండి. మంచి ఎండలో పల్చగా ఆరబోసినా ఎండి చస్తాయి కానీ మబ్బు పట్టే రోజుల్లో ఆ ధీమా వద్దు.

పిల్లలు బయటికొచ్చాక

వాతావరణం వెచ్చగా, నేల తడిగా ఉంటే రెండు వారాల్లోపే పొదుగుతాయి. నమ్మకం కుదరక ఒకసారి పాతిక గుడ్లు పాత హార్లిక్స్ సీసాలో తడి మట్టితో పెట్టి, మూతకి సన్న రంధ్రాలు చేసి, వంటింటి గూట్లో కాకుండా మెట్ల కింద దాచి చూశాను. పన్నెండో రోజు పొద్దున పదహారు పిల్లలు. గుల్ల 4, 5 మిల్లీమీటర్లు, పల్చటి తేనె రంగు, లోపల గుండె కొట్టుకోవడం కూడా కనపడుతుంది. ముందు చేసే పని తాము పుట్టిన పెంకుని తినేయడం, మొదటి సున్నం అదే. కొన్ని రోజులు మట్టిలోనే ఉండి, తర్వాత పైకి వస్తాయి. ఆ సీసాని తర్వాత ఉప్పునీళ్లతో నింపేశాను, మీరు చేసినా అలాగే చేయండి, జాలిపడి మొక్కల్లో వదలకండి.

ఇక్కణ్నుంచి ఐదారు నెలలు వీటికి సంతానం గొడవ లేదు, తినడం పెరగడం అంతే. నారుమళ్లకి అసలు శత్రువులు ఇవే, ఎందుకంటే వీటికి కావాల్సింది లేత ఆకు. ముదురు నత్తలు ఎండాకులూ కుళ్లినవీ కూడా సంతోషంగా తింటాయి, పిల్లలు అలా కాదు. బంతి, బొప్పాయి మొలకలు, బచ్చలి, చిక్కుడు తీగ కొసలు. రాత్రి ఏరడం వీటి దగ్గర పనిచేయదు, కంటికి ఆనవు. తడి గోనెసంచి పద్ధతే నయం. సాయంత్రం గోనె తడిపి నారుమడి పక్కన పరిచి, కింద రెండు బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో పెట్టండి. తెల్లారి ఎండ ఎక్కకముందే సంచి తిరగేయండి, నల్లపూసల్లా అంటుకుని ఉంటాయి. సంచిని అలాగే ఉప్పునీళ్ల బకెట్లో ముంచేయడమే. ఉప్పు బకెట్లోనే ఉండాలి సుమా, మట్టి మీద చల్లితే నత్త పోతుంది, మడీ పోతుంది.

పెద్దవాటికీ అదే బకెట్, బాగా చిక్కటి ఉప్పునీళ్లు, ఒక పూట ఉంచి లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి. ఇటుకతో చితక్కొట్టి మొక్కల మొదట్లో వదిలేసేవాళ్లున్నారు, మందం పెదవి నత్త కడుపులో తయారైన గుడ్లుంటే అవి మట్టిలో పడతాయి, మీరే నాటినట్టవుతుంది. మెటాల్డిహైడ్ అనే నత్తల మందు గుళికలు దుకాణాల్లో దొరుకుతాయి, సాయంత్రం పూట నత్తలు తిరిగే దారిలో అక్కడక్కడా పెడితే పనిచేస్తాయి. కానీ అవి నడిచే నత్తని చంపుతాయి, మట్టిలో గుడ్డుని ఏమీ చేయవు, కుక్క తింటే కుక్క చస్తుంది. మా ఇంట్లో రెండు కుక్కలు, అందుకని నేను వాడను. ఇంకెవరో నత్తల్ని తినే నత్తల్ని తెచ్చి వదిలితే సరి అని సలహా ఇస్తారు. 1955లో హవాయిలో అదే చేశారు, 1970లలో పసిఫిక్ సముద్రంలోని తాహితి చుట్టుపక్కల దీవుల్లోనూ చేశారు. ఆ వేటనత్త ఆఫ్రికా నత్తని వదిలేసి అక్కడి చిన్న చెట్టునత్తల మీద పడింది, మొరెయా దీవిలో పదేళ్లలో వాటి జాతులు అడవిలో మిగల్లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

వానాకాలంలో కాదు. రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఎండలో నత్తలు గోడ పగుళ్లలో, పేర్చిన ఇటుకల వెనక, కొబ్బరి చెట్టు మొదట్లో, వాటర్ ట్యాంకు దిమ్మ కింద ముడుచుకుని గుల్ల మూతికి తెల్లటి పొర కట్టుకుని పడుకుంటాయి. సుద్దముక్క అంటించినట్టు ఉంటుంది ఆ పొర. నెలల తరబడి తిండీ నీళ్లూ లేకుండా అలాగే ఉండగలవు. ఆ రోజుల్లో గుడ్లు పెట్టవు, జతకట్టవు, పారిపోవు. ఒక్కో మూలా పది పదిహేను గుత్తిగా దొరుకుతాయి, పెదవి చూసే పని కూడా లేదు, ఏరేయడమే.

మృగశిరలో తొలకరి పడగానే ఆ పొర తినేసి బయటికొస్తాయి. ఆకలితో వస్తాయి, కిందటేడు దాచుకున్న వీర్యం లోపల ఉంటే కొత్తగా జత కూడా అక్కర్లేదు. నా లెక్కలో మొదటి మంచి వాన పడిన రాత్రి నుంచి పది రోజులు అసలైన టైము. ఆ పది రోజులూ రోజు విడిచి రోజు ఏరి, మందం పెదవివి ఒక్కటి కూడా వదలకుండా చూస్తే, పదకొండో రోజు నుంచి మట్టి గీకడం మొదలుపెడితే సరిపోతుంది. మా కోస్తా వాళ్లకి అక్టోబరు, నవంబరుల్లో ఇంకో విడత వానలుంటాయి కాబట్టి అప్పుడు మళ్లీ ఒకసారి ఇదే వరస. జూన్‌లో పుట్టినవి అప్పటికి ఐదు నెలల కుర్రవి, పల్చ పెదవులు. కార్తీక మాసంలో బకెట్టు నిండా పల్చ పెదవులే వస్తే జూన్‌లో మీరు ఏదో గుడ్ల కుప్ప వదిలేశారన్నమాట.

ఇంక కొత్త మొక్క కొన్నప్పుడు. మా ఇంటికి ఇవి వచ్చిందే ఒక నర్సరీ నుంచి తెచ్చిన క్రోటన్ కుండీలో, ఎక్కడి నర్సరీ అన్నది ఇక్కడ అనవసరం, వాళ్లకీ తెలిసుండదు. ఇప్పుడు ఏ మొక్క తెచ్చినా కవరు చింపి మట్టిగడ్డ మొత్తం బయటికి తీసి అడుగుభాగం, పక్కలు వేలితో కదిపి చూస్తాను, సగ్గుబియ్యం కనపడుతుందేమో అని. తర్వాత మూడు వారాలు గట్టు మీద, మిగతా మొక్కలకి దూరంగా, సిమెంటు నేల మీద ఉంచి, ప్రతి పొద్దునా కుండీ అడుగు రంధ్రం దగ్గర జిగురు చార ఉందేమో చూస్తాను. గుడ్లు ఉంటే ఆ లోపే పొదిగి బయటపడాలి.

పోయిన నెల తెచ్చిన మందారంలో పంతొమ్మిదో రోజున ఒకటి బయటపడింది, మెంతి గింజ కంటే కాస్త పెద్దది. దాంతో పాటు ఇంకా ఏమైనా ఉన్నాయేమో అని ఆ మట్టంతా తీసి టబ్బులో నీళ్లలో కలిపి జల్లెడ పట్టాను. ఇంకో ఏడు దొరికాయి.